వాతావరణం చూసి ఊరిని వద్దనుకోండి, కావాలనుకోకండి

ఎక్కడ స్థిరపడదాం అని ఇంట్లో మాట మొదలైతే చాలు, రెండో నిమిషంలో ఎవరో ఒకరు "అక్కడ వెదర్ చాలా బాగుంటుంది" అంటారు. దాంతో సగం నిర్ణయం అయిపోయినట్టే. అక్కడ మనకు తెలిసినవాళ్లు ఎవరున్నారు, ఆస్పత్రి ఎంత దూరం, రాత్రి పదింటికి రైలు దిగితే ఇంటికి ఎలా చేరతాం, ఇవన్నీ "అదెంత, తర్వాత చూసుకుందాంలే" ఖాతాలోకి వెళ్లిపోతాయి. నా వాదన దీనికి సరిగ్గా తలకిందులు. వాతావరణం ఒక ఊరిని వద్దనుకోవడానికి చాలా మంచి కారణం, కావాలనుకోవడానికి మాత్రం చాలా బలహీనమైన కారణం. కావాలనుకోవడానికి చూడాల్సింది మనుషుల్ని, రాకపోకల్ని. ఆ రెండిటిలోనూ నేను రాకపోకలకే ముందు మార్కులేస్తాను, వినడానికి మొరటుగా ఉన్నా సరే, ఎందుకంటే మనుషులు దొరికేదీ దొరికినవాళ్లు నిలిచేదీ చాలావరకు వాటి వల్లే.

1998లో డేవిడ్ ష్కేడ్, డేనియల్ కానెమన్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలో రెండు ప్రాంతాల యూనివర్సిటీ విద్యార్థులను పోల్చి చూశారు. ఒక గుంపు ఎండా చలీ రెండూ మితంగా ఉండే దక్షిణ కాలిఫోర్నియాలో చదువుకుంటోంది, ఇంకో గుంపు చలికాలం వస్తే గడ్డకట్టుకుపోయే మిడ్‌వెస్ట్‌లో. మీ జీవితం మీకు ఎంత తృప్తిగా ఉంది అని అడిగితే రెండు గుంపులూ దాదాపు ఒకే మాట చెప్పాయి. మీలాంటివాడే అవతలి ప్రాంతంలో ఉంటే ఎలా ఉంటాడు అని అడిగితే మాత్రం, చలిలో ఉన్నవాళ్లూ ఎండలో ఉన్నవాళ్లూ కూడా కాలిఫోర్నియావాడే ఎక్కువ సుఖపడతాడని తేల్చేశారు. అంటే వాతావరణం మన సుఖాన్ని అంతగా మార్చలేదు, మన ఊహల్ని మాత్రం బాగా మార్చింది. దేని గురించి ఆలోచిస్తున్నామో ఆ కాసేపూ అదే కొండంత కనబడుతుంది, అదీ సంగతి. అక్కడికి వెళ్లి ఉన్నాక బాసుతో గొడవ, పిల్లవాడి జ్వరం, నెలాఖరు టెన్షన్ అన్నీ మామూలుగానే వస్తాయి, ఆ రోజు బయట గాలి చల్లగా వీస్తోందన్న సంగతి ఎవరికీ పట్టదు.

దూరపు కొండలు నునుపు అంటారు కదా, ఇక్కడ మాట్లాడుకునేది నిజంగా కొండల గురించే. చల్లటి ఊరు అనగానే అందరి మనసూ ఎత్తైన చోటికే పోతుంది, అందులో లెక్క కూడా ఉంది: కిలోమీటరు ఎత్తుకు వెళ్తే గాలి సగటున 6.5 డిగ్రీలు చల్లబడుతుంది. కొలంబియాలోని మెడెయిన్ భూమధ్యరేఖకు దగ్గర్లో ఉండి కూడా ఏడాదంతా హాయిగా ఉండటానికి అది సుమారు 1,500 మీటర్ల ఎత్తున ఉండటమే కారణం. చైనాలోని కున్మింగ్‌ను వసంత నగరం అనడానికీ ఎత్తే ముఖ్య కారణం. అయితే మెడెయిన్ ఉన్నది ఇరుకైన లోయలో. వేడిగాలి పైన మూతలా కూర్చున్న రోజుల్లో కింది పొగ బయటికి పోదు, మార్చి ప్రాంతంలో ఆ ఊరి గాలి అక్కడివాళ్లకు ఏటా ఒక తలనొప్పి. ఫొటోలో లోయ కనబడుతుంది గానీ లోయలో ఇరుక్కున్న పొగ వెదర్ యాప్‌లోని 24 డిగ్రీల అంకెలో కనబడదు. నాకు చల్లటి చోట్లంటే గిట్టక చెప్పడం లేదు, ఉక్కపోతకు అందరికంటే ముందు చిరాకుపడేది నేనే.

మరి వద్దనుకోవడానికి వాతావరణం ఎందుకు పనికొస్తుందంటే, కొన్ని గీతలు దాటాక అలవాటు పడటం అన్న మాటే ఉండదు కాబట్టి. ఎండ వేడి ఒక్కటే చూస్తే చాలదు, తేమ కూడా కలిపి చూడాలి. థర్మామీటర్ బుడ్డికి తడిగుడ్డ చుట్టి కొలిచే వెట్ బల్బ్ ఉష్ణోగ్రత అని ఒకటుంది, చెమట ఆరి ఒళ్లు ఎంతవరకు చల్లబడగలదో అది చెబుతుంది. అది 35 డిగ్రీలు దాటితే ఎంత ఆరోగ్యవంతుడైనా నీడలో కూర్చుని కూడా కొన్ని గంటలకు మించి తట్టుకోలేడని సిద్ధాంతం. 2022లో పెన్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు ఆరోగ్యంగా ఉన్న కుర్రవాళ్ల మీదే పరీక్షించి చూస్తే, తేమ ఎక్కువగా ఉన్నప్పుడు 31 దగ్గరే ఒంటి వేడి అదుపు తప్పడం మొదలైంది. ఇంట్లో పెద్దవాళ్లుంటే, గుండెజబ్బో ఉబ్బసమో ఉంటే, ఇలాంటి రోజులు మళ్లీ మళ్లీ వచ్చే చోటు గురించి చర్చే అక్కర్లేదు, కొట్టెయ్యడమే. వరదనీరు చేరే పల్లమూ అంతే.

ఇంకొకటి. "అక్కడ సగటున ఇంతే ఉంటుంది" అన్న లెక్కకు ఆధారం సాధారణంగా 30 ఏళ్ల సగటు, ఇప్పుడు వాడుకలో ఉన్నది 1991 నుంచి 2020 వరకు. మనం ఉండబోయేది ఆ తర్వాతి 30 ఏళ్లలో. 2003 వేసవిలో యూరప్‌లో 70 వేల మందికి పైగా చనిపోయారు. వాళ్లలో వేలమంది ఉన్నవి ఎండలకు పేరుపడ్డ చోట్లు కావు, చల్లటి చోట్లే. ఆ ఇళ్లు చలిని ఆపడానికి కట్టినవి, వేడిని బయటికి పంపడం వాటికి తెలియదు. కాబట్టి మంచి వెదర్ అన్నది కూడా పాత సర్టిఫికెట్టే.

పైగా వేడి ఊరిది మాత్రమే కాదు, వీధిది, గోడది కూడా. నగరం మధ్యలో రాత్రిళ్లు చుట్టుపక్కల పొలాల కంటే వెచ్చగా ఉంటుందని ల్యూక్ హోవార్డ్ అనే ఆయన లండన్‌లో కొలిచి చెప్పి 200 ఏళ్లయింది. అద్దెకు ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు నేను చేసే పని ఒకటుంది: పగలు ఎలాగూ చూస్తారు, రాత్రి తొమ్మిదింటికి ఇంకోసారి వెళ్లి పడమటి గోడ మీద లోపలివైపు నుంచి అరచెయ్యి పెట్టి చూస్తాను. పై అంతస్తులో పడమటి గోడకు నీడ లేకపోతే, బయట చల్లబడి గంటలు గడిచినా ఆ గోడ ఇంకా గోరువెచ్చగానే ఉంటుంది, దాని పక్కనే మంచం వేసుకునే చోటు ఉంటుంది. అదే వీధిలో చెట్టు నీడ పడే కింది అంతస్తు ఇల్లు వేరే ఊరిలా ఉంటుంది. వేరే ఊరికి పోయి తెచ్చుకోవాలనుకున్న చల్లదనంలో కొంత, వేరే ఇంటికి మారితేనే దొరుకుతుంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. 1995 జులైలో షికాగోలో 41 డిగ్రీల ఎండకు ఉక్కపోత తోడై కొద్ది రోజుల్లోనే 700 మందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది ముసలివాళ్లు, ఒంటరిగా ఉంటున్నవాళ్లు. ఎరిక్ క్లైనెన్‌బర్గ్ అనే సామాజిక శాస్త్రవేత్త తర్వాత ఆ ఊళ్లో పక్కపక్కనే ఉన్న రెండు పేటల్ని పోల్చాడు, నార్త్ లాండేల్, సౌత్ లాండేల్. రెండిటి మీదా కాసింది అదే ఎండ. రెండింటిలోనూ పేదరికం, ఒంటరి ముసలివాళ్లు దగ్గర దగ్గరగా ఒకే పాళ్లలో ఉన్నారు. కానీ మొదటి దాంట్లో లక్షకు 40 మంది చనిపోతే రెండో దాంట్లో నలుగురే. తేడా ఎక్కడుందంటే వీధిలో. ఒకచోట ఇళ్లు పాడుపడి, దుకాణాలు మూతపడి, జనం తగ్గిపోయి, గడప దాటడానికే భయపడే పరిస్థితి. ఇంకోచోట వీధి నిండా అంగళ్లు, నడిచే జనం. అక్కడ ముసలావిడ కూడా కాసేపు చల్లగా ఉండే దుకాణంలోకి నడిచి వెళ్లి కూర్చోగలదు, రెండు రోజులు కనబడకపోతే ఏమైందని అడిగేవాళ్లుంటారు.

ఈ ఒక్క ఉదాహరణ చాలు నాకు. వాతావరణం అని మనం వేరే గడిలో వేసుకున్నది కూడా చివరికి మనుషుల దగ్గరికే, వీధి దగ్గరికే వచ్చి ఆగింది. చిన్నప్పుడు బట్టీపట్టిన పద్యంలో కూడా ఎలాంటి ఊళ్లో ఉండాలంటే అప్పిచ్చేవాడు, వైద్యుడు, ఎండిపోని ఏరు ఉన్న ఊళ్లో అని ఉంటుంది (నాలుగోది ఇప్పుడు మనకు అక్కర్లేదు), చల్లగా ఉండే ఊళ్లో అని మాత్రం లేదు, గమనించారా?

అయితే మనుషులు అనగానే ఇంకో పొరపాటు జరుగుతుంది. "అక్కడ మనవాళ్లు చాలామంది ఉన్నారట" అని వెళ్లడం. మన భాష మాట్లాడేవాళ్లు, మన ఉద్యోగంలాంటిదే చేసేవాళ్లు ఉంటే మొదట్లో తేలికవుతుంది, కాదనను. కానీ ఉండటం వేరు, తారసపడటం వేరు. 1950లో లియోన్ ఫెస్టింగర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఇంకో ఇద్దరు కలిసి అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీలో పెళ్లయిన విద్యార్థుల క్వార్టర్స్‌లో ఎవరికి ఎవరు స్నేహితులయ్యారో చేసిన అధ్యయనం బయటికొచ్చింది. పక్కింటివాళ్లను స్నేహితులుగా చెప్పినవాళ్లు 41 శాతం, ఒక ఇల్లు దాటి అవతలివాళ్లను చెప్పినవాళ్లు 22 శాతం, అదే అంతస్తులో ఆ చివరన ఉన్నవాళ్లను చెప్పినవాళ్లు 10 శాతం. కొన్ని అడుగుల తేడాకే ఇంత! మెట్ల దగ్గర, పోస్టు డబ్బాల దగ్గర ఉన్న ఇళ్లవాళ్లకు పై అంతస్తులోనూ స్నేహితులుండేవారు. గుణగణాలు కలిసి స్నేహాలయ్యాయనుకుంటాం, సగం మెట్లే కలిపాయి.

దానికి టైం కూడా కావాలి. జెఫ్రీ హాల్ అనే ఆయన 2018లో వేసిన లెక్క ప్రకారం పరిచయస్థుడు ఓ మాదిరి స్నేహితుడు కావడానికి 50 గంటల దాకా, ప్రాణస్నేహితుడు కావడానికి 200 గంటలకు పైగా కలిసి గడపాలి. పెద్దయ్యాక అన్ని గంటలు ఎవరి దగ్గరున్నాయి? పనిగట్టుకుని ఫోన్ చేసి, డేట్ ఖాయం చేసి, బండేసుకుని వెళ్లి కలిసే పద్ధతిలో అయితే ఏళ్లు పడుతుంది. దారిలో ఎదురుపడి, పది నిమిషాలు నిలబడి మాట్లాడి, మళ్లీ మర్నాడు ఎదురుపడే చోటైతే ఆ గంటలు వాటంతటవే పోగవుతాయి. అందుకే శివార్లలో ఎత్తైన గోడ, గేటు, క్లబ్‌హౌస్ ఉన్నచోటును "కమ్యూనిటీ" అని అమ్ముతుంటే నాకు నవ్వొస్తుంది. లిఫ్టులో బేస్‌మెంట్‌కు దిగి, కార్లో బయటికెళ్లి, కార్లోనే లోపలికొచ్చి లిఫ్టెక్కేవాడికి ఎదురుపడేది వాచ్‌మన్ ఒక్కడే. శాన్‌ఫ్రాన్సిస్కోలో డోనల్డ్ ఆపిల్‌యార్డ్ అనే ఆయన 1969 ప్రాంతంలో ఒకేలాంటి మూడు వీధులు చూశాడు, తేడా ట్రాఫిక్‌లోనే. రోజుకు 2,000 బళ్లు పోయే వీధిలో ఒక్కొక్కరికి సగటున ముగ్గురు స్నేహితులుంటే, 16,000 బళ్లు పోయే వీధిలో ఒకరు కూడా లేరు, 0.9. నడవలేని వీధిలో పొరుగువాళ్లుంటారు, పొరుగు ఉండదు.

ఇలాంటి పలకరింపుల్ని చిన్నచూపు చూసేవాళ్లున్నారు, "నాకు నా ఫ్యామిలీ, ఇద్దరు ఫ్రెండ్స్ చాలు" అని. ఇష్టాయిష్టాల సంగతి పక్కన పెడితే, ఉద్యోగం సంగతి ముఖపరిచయస్థుల నుంచే ఎక్కువగా తెలుస్తుందని మార్క్ గ్రానొవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త 1973లోనే రాశాడు, దగ్గరివాళ్లకు మనకు తెలిసినవే తెలుస్తాయి కాబట్టి. మంచి డాక్టరెవరో, ఖాళీ అయ్యే ఇల్లెక్కడుందో కూడా అలాగే తెలుస్తాయి.

ఇక రాకపోకలు. ఇల్లు చూపించే బ్రోకర్లందరి నోటా ఒకటే మాట, "పావుగంటలో హైవే ఎక్కేస్తారు సార్". ఎక్కడానికి పావుగంటే, దిగడానికి ఎంతసేపో ఆయన చెప్పడు. మనిషి ఏ కాలంలోనైనా, ఏ దేశంలోనైనా రోజుకు మొత్తం మీద గంట ప్రయాణానికే ఒప్పుకుంటూ వచ్చాడని చెజారె మార్కెట్టి అనే ఇటలీ శాస్త్రవేత్త 1994లో వాదించాడు. నడిచే రోజుల్లో ఆ గంటకు తగ్గట్టే ఊరు చిన్నది, రైలొచ్చాక ఊరు పెరిగింది, కారొచ్చాక ఇంకా పెరిగింది, గంట మాత్రం మారలేదు. రోజుకు రెండున్నర గంటలు రోడ్డు మీద గడిపేవాడు అలవాటైపోయిందంటాడు గానీ నేను నమ్మను. బ్రూనో ఫ్రై, అలోయిస్ స్టుట్సర్ అనే ఆర్థికవేత్తలు జర్మనీ సర్వే లెక్కలు తీసి ఇదే చూశారు. దూరం వెళ్లేవాడికి దానికి తగ్గ పెద్ద ఇల్లో ఎక్కువ జీతమో ఉంటుంది, కాబట్టి తృప్తిలో తేడా ఉండకూడదు. కానీ ఉంది, ప్రయాణం పెరిగేకొద్దీ తృప్తి తగ్గింది. పెద్ద ఇంటికి అలవాటు పడిపోతాం, చల్లగాలికీ పడిపోతాం. ట్రాఫిక్‌కు మాత్రం పడం, ఎందుకంటే అది ప్రతిరోజూ కొత్త రకంగా విసిగిస్తుంది.

అందుకని నగరం ఎన్ని కిలోమీటర్లు అని అడగడం దండగ. బస్సు ఎంతసేపటికోసారి వస్తుంది, రాత్రి ఆఖరిది ఎన్నింటికి, అది అడగాలి. అరగంటకోసారి వచ్చే బస్సుకు టైం చూసుకోకుండా వెళ్తే సగటున పావుగంట స్టాపులో నిలబడతాం, మధ్యలో ఇంకో బస్సు మారాలంటే ఇంకో పావుగంట. ఆరు నిమిషాలకోసారి వస్తే మూడు నిమిషాలే. మ్యాపులో దూరంగా కనబడే చోటు దీనివల్ల దగ్గరైపోతుంది, దగ్గరగా కనబడేది దూరమైపోతుంది. ఇందాకటి మెడెయిన్‌లోనే కొండవాలు పేటలవాళ్లకు కింద నగరం కంటికి కనబడుతూనే ఉండేది, దిగి వెళ్లడానికి మాత్రం నిటారు మెట్లు, వంకర దారులు. 2004లో రోప్‌వే వేసి మెట్రో రైలుకు కలిపారు, నెలకోసారి సరదాకు ఎక్కేది కాదు, రోజూ పనికెళ్లేవాళ్ల కోసం. వాళ్ల వాతావరణం ఒక్క డిగ్రీ కూడా మారలేదు, ఊరు మాత్రం దగ్గరికొచ్చింది.

దీన్ని మామూలు రోజును బట్టి కాదు, చెడ్డ రోజును బట్టి కొలవాలి. పక్షవాతం వచ్చినప్పుడు రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ మామూలుగా 4.5 గంటల లోపు పడాలి, ఎంత ముందు పడితే అంత మంచిది. ఆ లోపు అంబులెన్స్ రావాలి, స్కానింగ్ ఉన్న ఆస్పత్రికి చేరాలి, స్కాన్ తీయాలి. ఊరి చివర బోర్డు కట్టిన నర్సింగ్‌హోమ్ ఈ లెక్కలోకి రాదు. 2018 నవంబర్లో కాలిఫోర్నియాలో పారడైజ్ అనే ఊరిని కార్చిచ్చు తగలబెట్టినప్పుడు 85 మంది చనిపోయారు. కొండ మీద, పైన్ చెట్ల మధ్య, రిటైరైనవాళ్లు ఏరికోరి వచ్చి ఉన్న ఊరు. బయటికి పోయే రోడ్లు కొన్నే, అవి కార్లతో నిండిపోయాయి.

"ఇప్పుడంతా వర్క్ ఫ్రం హోమే కదా, సిటీతో పనేంటి?" అంటారని తెలుసు. ఆఫీసుకు రోజూ వెళ్లక్కర్లేకపోవడం నిజంగా పెద్ద మార్పే, కాదనడం మూర్ఖత్వం. అది తీర్చింది మాత్రం ఒక్క ప్రయాణాన్నే. పిల్లల కాలేజీ, స్పెషలిస్టు డాక్టరు, ఎయిర్‌పోర్టు, భాగస్వామి ఉద్యోగం అలాగే ఉన్నాయి. పైగా ఇంట్లోంచే పనిచేసేవాడికి ఆఫీసు ఇచ్చే ముఖపరిచయాలు కూడా ఉండవు కాబట్టి, గుమ్మం దాటగానే మనుషులు కనబడే వీధి అతనికి అందరికంటే ఎక్కువ అవసరం. జరిగేది మాత్రం తారుమారు, వాళ్లే అందరికంటే దూరంగా, తోట మధ్యలో, ఎవరూ కనబడని చోటికి పోతున్నారు.

చూడాల్సిన పద్ధతి గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. అందరూ బాగుందనే నెలలో కాకుండా అక్కడివాళ్లే తిట్టుకునే నెలలో వెళ్లాలి, సొంత బండి లేకుండా ఉండి చూడాలి, కొనేముందు కొన్నాళ్లు అద్దెకుండటం అన్నిటికంటే మేలు. సాయంత్రం ఆరింటికి వీధిలో ఎవరు కనబడుతున్నారో చూస్తే చాలా తెలుస్తుంది, ముసలివాళ్లు, పదేళ్ల పిల్లలు తోడు లేకుండా నడుస్తుంటే ఆ చోటుకు నేను కళ్లు మూసుకుని మార్కులేస్తాను.

వీటన్నిటికంటే ముందు ఇంట్లో ఒక విషయం తేల్చుకోవాలి. "సిటీకి అరగంటే" అని అనేది మామూలుగా బండి నడిపేవాడు. అదే ఇంట్లో ఉన్న అమ్మకు, టెన్త్ చదివే పిల్లకు, లైసెన్సు లేని మనిషికి ఆ అరగంట లేదు, ఇంకొకరు ఖాళీగా ఉన్నప్పుడు తీసుకెళ్తే వెళ్లడమే. ఏ ఊరనేది ముందుగా వాళ్లను అడగాలి, రోజంతా అక్కడ ఉండేది కూడా ఎక్కువగా వాళ్లే. మా ఇంట్లో "నేను లేకుండా మీరు ఇక్కడి నుంచి ఎక్కడికి వెళ్లగలరు?" అని అడిగేసరికి జాబితాలో సగం ఊళ్లు అప్పటికప్పుడే ఎగిరిపోయాయి, అన్నిటికంటే మంచి వెదర్ ఉన్నది వాటిలో మొదటిది.